గుంపులో లేనివి

ఒక గెలాక్సీల గుంపు ద్రవ్యరాశిని నేను టెలిస్కోపులు కొలిచిన వేగాలతో లెక్కకట్టాను. నాతో పెళ్లి కుదిరిన జయానందం అదే గుంపుకు ఉపగ్రహం పంపిన ఎక్స్‌రేలతో కట్టాడు. ఇద్దరం కోరుకున్న బెంగుళూరు పరిశోధనకు ఒక్క సీటే ఉంది.

నాది అతనిదానికి రెట్టింపు వచ్చింది. "తప్పుందేమో చూడండి" అని నా కాగితాలు ఇచ్చాను.

"నీదే కరెక్టు. ధైర్యంగా చెప్పు," అన్నాడు.

ఆ సీటు ఎవరిదో తేల్చే గుంటూరు సెమినార్లో నేను చెప్పి కూర్చోగానే అతను లేచాడు. "అందులో రెండు గెలాక్సీలు ఆ గుంపువి కావండీ. మనకు దగ్గర్లోవి. అందుకే అంత బరువొచ్చింది."

హాలంతా నవ్వింది. సీటు అతనిదైంది.

వరండాలో "మీకు ముందే తెలుసా?" అన్నాను.

"పెళ్లయ్యాక ఇద్దరం చదివితే వంటెవరు చేస్తారే, పిచ్చిదానా?"

ఆదివారం చీరాల చర్చిలో పాస్టరుగారు మా పెళ్లి ప్రకటన చదివి, "అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి" అన్నారు.

క్లాసులో సందేహం అడగడానికి కూడా లేవని నేను, ఆడవాళ్ల వరుసలోంచి లేచాను.