పాదం కింద చేతులు

థాంక్స్‌గివింగ్ సెలవుల తర్వాత మా కాలేజీ చీర్‌లీడింగ్ జట్టుకి అది మొదటి ప్రాక్టీసు. జోలీన్‌ని పైకెత్తేది ముగ్గురం. ఆమె కుడి పాదం నా అరచేతుల్లో ఉంటుంది.

"ఇంట్లో పండక్కి టర్కీ కోడి తెగ తినేశానే! ఇవాళ నన్ను మొయ్యలేక చస్తారు," అంది జోలీన్.

"నా సంగతీ అంతే. మా అమ్మ వదిలితేగా!" అన్నాను.

కోచ్ లెక్కపెట్టింది. ఎత్తాం. జోలీన్ దూదిలా పైకి లేచింది.

రెండేళ్లుగా రోజూ మోస్తున్న బరువు, నా చేతులకి తెలియదా? సెలవుల్లో కాలేజీ మెస్ మూసేస్తారు. హాస్టల్లో ఉండిపోయినవాళ్లకి చిప్సే గతి.

దించాక ఆమె చెవిలో అడిగాను. "ఇంటికి వెళ్లలేదు కదూ?"

జోలీన్ తల దించుకుంది. నా మణికట్టు పట్టుకుంది.

"పైన నిలబడ్డదానికీ తెలుస్తుందే, డార్సీ. నీ చేతులెందుకలా వణికాయి?"

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

హాస్టల్లో నాది రెండో అంతస్తు, జోలీన్‌ది మూడు. ఆ నాలుగు రోజులూ పైన ఎవరో అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

నేనూ ఇక్కడే ఉన్నానని వాళ్లకి తెలిసిపోతుందేమోనని, గదిలో లైటు కూడా వేసుకోలేదు.