ఎరుపు మాది

“ఎర్ర జెర్సీ మాది. మీరే ఇప్పుండ్రి!” సినిమా ఫైటర్ల ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ లియో, డాన్సర్ల కెప్టెన్ గొంతు పట్టుకున్నాడు.

“రెండు జట్లదీ ఒకే రంగైతే ఆట మొదలెట్టను. ఒకరు మార్చుకోవాల్సిందే, అది రూలు!” రిఫరీ త్రినాథరావు అరుపు ఎవరికీ వినిపించలేదు. కృష్ణానగర్ గ్రౌండంతా కొట్లాటే.

లియో మొదటి గుద్దుకి ఒకడి పెదవి చిట్లింది.

“అన్నా, నేను జోజిని! మనోణ్నే!”

లియో చెయ్యి ఆగింది. చుట్టూ ఇరవైమంది ఎర్రగానే ఉన్నారు. ఎవణ్ని కొట్టాలో తెలియలేదు.

అప్పుడే సంచీతో పరుగెత్తుకొస్తున్న ఆకుపచ్చ జెర్సీ కనిపించింది. గోల్‌కీపర్ల రంగే వేరు. తమ కీపర్‌ది నలుపు.

“గా ఆకుపచ్చోడు వాళ్లోడే! కొట్టుండ్రి!”

పదేళ్లుగా కెమెరా ముందు తగలకుండా కొట్టిన చేతులు ఈసారి తగిలాయి. డాన్సర్ల కీపర్ ప్రేమ్ చంద్ ముక్కు పగిలింది. రెండు పళ్లు రాలాయి. లియో కాలికింద సంచీ చినిగి, పసుపు జెర్సీలు బయటపడ్డాయి.

ప్రేమ్ చంద్ నెత్తురు ఉమ్మాడు.

“ఎరుపు మీరే ఉంచుకోండి లియోగారూ. మావాళ్లు వేసుకుంటారని ఇవి తెచ్చాను.”

పైనున్న జెర్సీ అప్పటికే ఎర్రబడింది.