పాత జట్టు బేరం

“పాత కాంటా మోసం చెయ్యది సార్. జట్టు గూడ గంతే,” అన్నాడు హన్మంత్, డ్రిల్లు సారు చంద్రమౌళికి సోడా అందిస్తూ.

కేసముద్రం మార్కెట్ గోడకు ఇవతల బడి మైదానం, అవతల రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే హన్మంత్ అడ్తి దుకాణం. వాళ్ల బాపు మంచాన పడ్డప్పటినుంచి గల్లాపెట్టె బరువు అతనిదే. కానీ పగటిపూట వెళ్లిన రైతుకు హన్మంత్ దొరికేవాడు కాదు. ఎక్కడని అడిగితే గుమస్తా విసుగ్గా బడివైపు చెయ్యి చూపేవాడు. బాస్కెట్‌బాల్ అంటే అంత పిచ్చి. కమ్మరితో ఇనుప రింగు వంచించింది హన్మంతే. గోనెసంచుల తాళ్లతో దానికి వల అల్లించిందీ అతనే.

“నీ కాంటా తుప్పు పట్టింది హన్మంతూ,” అన్నాడు డ్రిల్లు సారు. “తొమ్మిదో తరగతి సమ్మయ్యను చూడు. టేకుమట్ల పోరడు, దుప్పి లెక్క ఎగురుతడు. గసొంటోళ్లు ఇంకా ఉన్నరు. పాతోళ్లను పరీక్ష రాసి పోనియ్యి.”

“దుప్పి ఎగురుతది సార్. ఎటు ఎగురుతదో పక్కనోనికి తెల్వద్దా?”

“పెండ్లయినోనివి, దుకాణమున్నోనివి. ఇంకా నీకెందుకయ్యా గీ ఆట?”

హన్మంత్ నవ్వుతూ ఇంకో సోడా కొట్టి అందించాడు. బేరంలో ఇరుకున పెట్టే ప్రశ్న వస్తే నవ్వాలి. అది బాపు నేర్పిన విద్య.

అతని లెక్క అతనికుంది. కొత్త సరుకు మీద ఆశ పెట్టుకోవచ్చు, పెట్టుబడి పెట్టకూడదు. కిందటేడు బడిపిల్లల పోటీల ఫైనల్లో జనగామ చేతిలో ఒక్క బుట్ట తేడాతో పోయింది కప్పు. అదే ఐదుగురు ఇంకొక్క ఏడు కలిసి ఆడితే, ఆ ఒక్క బుట్టా వడ్డీతో సహా వసూలవుతుంది.

చిక్కల్లా ఒకటే. ఐదుగురూ పదో తరగతి. పాసైతే బడి విడవాలి. బడి విడిస్తే జట్టు లేదు.

దీనికి మందు హన్మంత్ సొంతంగా కనిపెట్టింది కాదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బళ్లు మూతపడ్డాయి. చదువు సాగలేదు, పిల్లలంతా మరో ఏడు అదే తరగతిలో కూర్చున్నారు. జట్టు చెదరలేదు. కేసముద్రానికి కప్పు వచ్చింది ఆ ఏడే. తర్వాత ఐదేళ్లుగా దాని మొహం చూసినవాడు లేడు.

ఆ సాయంత్రం దుకాణంలో రహస్య సమావేశం జరిగింది. మొగిలి, రాజమల్లు, రవీందర్, హీరాలాల్ మిర్చి బస్తాలెక్కి కూర్చున్నారు.

“లెక్కల పేపరు తెల్లగ ఇచ్చి రావాలె,” అన్నాడు హన్మంత్. “ఒక్క సబ్జెక్టు పోతే చాలు.”

“మా అవ్వ సంపుతదన్నా,” అన్నాడు మొగిలి.

“తెల్లగ ఎందుకన్నా? నేను నిండ రాసినా ఫేలే,” అన్నాడు రాజమల్లు.

బస్తాలు కదిలేలా నవ్వారు. మిర్చి ఘాటు లేచింది. తుమ్ములూ నవ్వులూ కలిసిపోయాయి.

మార్కెట్లో పెద్ద బేరాలు తువ్వాల కిందనే తెగుతాయి. వేళ్లు పట్టి నొక్కితే మాట అయిపోయినట్టే. మాట తప్పి తిరిగినవాడికి మర్నాడు ఎవడూ సరుకు చూపించడు. హన్మంత్ భుజం మీది తువ్వాల తీసి పరిచాడు. నాలుగు చేతులు దాని కిందికి దూరాయి. వాటిమీద తన చెయ్యి పెట్టి గట్టిగా నొక్కాడు.

“బేరం తెగింది!”

లెక్కల పరీక్ష నాటి సాయంత్రం దుకాణం ముందు సోడా బుడ్లు టపటపా పేలాయి.

“నా పేపరు మల్లెపువ్వు లెక్క తెల్లగున్నదన్నా!” మొగిలి గంతులేశాడు.

హన్మంత్ గంతులెయ్యలేదు. ప్రశ్నపత్రం చేతిలో పట్టుకుని మురిసిపోతున్నాడు.

“మిర్చి బస్తాల లెక్క చూసిన్రారా? తరుగు తీసి, కమీషన్ కలిపి, లాభమెంతని అడిగిండు. గిది రాసినోడు ఒక్కనాడన్న కాంటా కాడ నిలబడ్డోడే. పేపరు నిండ బేరమే ఉన్నది!”

“ఉంటే మనకేందన్నా?”

“ఏం లేదు, ఏం లేదు,” అంటూ దాన్ని మడిచి గల్లాపెట్టె కిందికి తోశాడు.

ఫలితాల పేపరు రైల్లో వచ్చింది. మొగిలి స్టేషన్ నుంచి మైదానం దాకా ఒక్క ఊపిరిలో పరుగెత్తుకొచ్చాడు. డప్పులవాళ్లను ముందే పిలిపించి ఉంచారు.

“నా నెంబరు లేదు!”

డప్పు మోగింది.

“నాది గూడ లేదు!” రాజమల్లు హీరాలాల్‌ను భుజాలకెత్తుకున్నాడు. హీరాలాల్ నెంబరూ లేదు. రవీందర్ నెంబరూ లేదు. హన్మంత్ పేపరు వంక చూడకుండా వచ్చినవాళ్లందరి చేతుల్లో బెల్లం ముక్కలు పెడుతున్నాడు.

మొగిలి తల్లి అండాలు చీపురుతో వచ్చింది. “ఫేలయితే డప్పు కొట్టిపిస్తవారా? నీ మొకం మండ!” మొగిలి రింగు స్తంభమెక్కాడు. కింద చీపురు, పైన ఈలలు. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది.

డ్రిల్లు సారు మాత్రం పేపరు మీద వేలు పెట్టి చెయ్యెత్తాడు.

“ఆగుండ్రి! ఐదు నెంబర్లల్ల ఒకటి ఉన్నది. ఒకడు పాసైండు.”

డప్పు ఆగింది. చీపురూ ఆగింది.

“తువ్వాల కింద మాటిచ్చి తిరిగిందెవడురా?” స్తంభం మీదినుంచి అరిచాడు మొగిలి.

“మిర్చి బస్తాల లెక్క కండ్ల పడంగనే చెయ్యి ఆగలే మొగిలీ,” అన్నాడు, రెండేళ్లు కష్టపడి పదో తరగతి తప్పి, మూడో ఏట పాసైపోయిన జట్టు కెప్టెన్ హన్మంత్.