చల్లబడిన గీతలు

"టేబుల్ ఫ్యాన్లు పెట్టినంత మాత్రాన సర్వర్లు చల్లబడయి రవీందర్. సగం ఆపెయ్. ఏసీ మెకానిక్ వచ్చినంక మళ్లా ఆన్ చేద్దాం."

"ఆపితే భిక్షపతి అన్నకు జవాబు నువ్వు చెప్తవా? పక్కకు జరుగు."

వీణ జరగలేదు. ఆమెను భుజంతో తోసుకుంటూనే రవీందర్ రెండో ఫ్యాన్‌ను కూడా సర్వర్ల గదిలోకి మోసుకెళ్లాడు. ఇద్దరూ ఒకే కాలేజీలో ఇంజనీరింగ్ చదివారు. శాలిబండలో చెప్పుల దుకాణం పైన అతను ఈ ఆఫీసు తెరిచినప్పుడు మొదట చేరింది ఆమే. ఆ స్నేహం ఎప్పుడో ఇగిరిపోయింది. ఇప్పుడు ఆమె గొంతు వింటేనే అతనికి ఒళ్లు మండుతుంది.

పొద్దున ఏసీ చెడిపోయింది. ఆ గదిలో ఉన్నవన్నీ పాల వ్యాపారి భిక్షపతి సర్వర్లే. పాతబస్తీలో ఏ కేంద్రానికి ఎన్ని పాలు పోవాలో చెప్పేది అవే. ఆయన సర్వర్లను సంతోష్‌నగర్‌లోని ఇంకో ఆఫీసుకు మార్చుకుంటే ఈ ఆఫీసుకు తాళం పడ్డట్టే.

రవీందర్ కంప్యూటర్ ముందు కూర్చుని 'డెయిరీ' అని కొట్టి, పక్కనే స్టార్ గుర్తు పెట్టాడు. ఆ పేరుతో మొదలయ్యే సర్వర్లన్నింటి వేడి, ఒక్కోదానికి ఒక్కో రంగు గీతగా తెర మీద పరుచుకుంది. పాతది కనపడకుండా, ఆ నిమిషానిది మాత్రమే చూపేలా పెట్టుకున్నాడు.

"నువ్వయితే ఒక్కొక్కటి తెరిచి చూస్కుంట కూసుంటవ్. ఒక్క స్టార్ కొడితే అన్నీ దొరుకుతయి."

"దొరికేటియి దొరుకుతయి," అంది వీణ.

గీతలు చిక్కుపడిన దారాల్లా ఉన్నాయి. పైన ప్రమాదం అని గీసిన ఎర్రగీతను కొన్ని తాకుతున్నాయి. రవీందర్ లేచి ఫ్యాన్లను ఇంకా దగ్గరికి జరిపి వచ్చాడు. కాసేపటికి అన్నింటికన్నా పైనున్న గీత కనిపించలేదు. తర్వాత దాని కింద ఉన్నదీ లేదు.

"చూసినవా? నీ మెకానిక్ ఎందుకిగ?"

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడయింది.

"ఏంది భాయ్, నా మిషన్లను పొయ్యి మీద పెట్టినవంట?" వస్తూనే అరిచాడు భిక్షపతి.

"ఎవరు చెప్పిన్రన్నా?"

"గీ పిల్లనే ఫోన్ చేసింది."

రవీందర్ వీణ వైపు తిరిగాడు. "నా కంచంల మన్ను పోసినవ్ గదనే!"

"ఆయన మిషన్లు. ఆయనకు తెల్వాలె," అందామె.

భిక్షపతి జేబులో ఫోను మోగింది. పాలకేంద్రంలో కూర్చునే కూతురు. "మున్నీ, లొల్లిల ఉన్న, తర్వాత చెయ్ బిడ్డా," అని పెట్టేశాడు. వెంటనే మళ్లీ మోగింది. విసుక్కుని ఫోను గొంతు నొక్కేశాడు.

"ఇటు చూడన్నా," రవీందర్ తెర చూపించాడు. "ఇందాక ఎర్రగీతను గుద్దుకుంటుండె. ఇప్పుడు దాని దిక్కు ఒక్కటన్న ఉన్నదా?"

"మరి గిన్ని తక్కువ కనపడుతున్నయేంది?"

"అన్నీ ఒక్క తీరుగ చల్లబడ్డయి. ఒకదాని మీద ఒకటి పడుతున్నయి. అందుకే గట్ల."

"రవీందర్, ఆ గీతలు..."

"నోరు మూస్తవా లేదా? అన్న ముందట ఇంకొక్క మాట మాట్లాడినవనుకో, మంచిగుండదు!"

వీణ చేతులు కట్టుకుని గోడకు ఆనుకుంది.

భిక్షపతి కుర్చీలో కూలబడి మెడ తుడుచుకున్నాడు. "ఉత్తగనే పరేషాన్ చేసినవ్ పిల్లా. సరే భాయ్, యాడికీ మార్చ. నీ దగ్గర్నే ఉండనియ్."

రవీందర్ గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. ఆ ధైర్యంతోనే వీణ బ్యాగు తీసి బల్ల మీదికి విసిరాడు.

"తీస్కపో. రేపటి సంది నీ మొకం చూపియ్యకు."

ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుంది. తెర మీద ఒకటే గీత, కిందుగా, వంకర లేకుండా సాగుతోంది.

"పోయేముందు ఒక్కసారి చూసి పో," రవీందర్ వెనక నుంచి కేకేశాడు. "కాలిపోతయన్నవ్ గద, ఏవి? వేలు పెట్టి చూపియ్!"

భిక్షపతి పకపకా నవ్వాడు. వీణ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, ఇటు తిరిగింది.

"చచ్చిన సర్వర్‌కు గీత రాదు, రవీందర్."