అట్ట చెయ్యి

గిటారు మెడను చూసి కుళ్లుకున్న మొగుడు లోకంలో అతనొక్కడే అయ్యుంటాడు.

వెనక గదిలో భార్య పని చేస్తోంది. గిటార్లు తయారు చేయడమే ఆవిడ వృత్తి. వైస్‌లో బిగించిన కర్ర మీద కాసేపు ఆకురాయి ఆడిస్తుంది. ఆగుతుంది. కళ్లు మూసుకుని, మెడ వెనకభాగాన్ని పైనుంచి కిందిదాకా అరచేత్తో నిమురుతుంది. మళ్లీ ఆకురాయి, మళ్లీ నిమరడం. వారం నుంచీ ఇదే తంతు. తనను అంత ఓపిగ్గా నిమిరి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు. ఒళ్లు మండింది.

అంతకంటే మండించేది ఇంకోటి బల్ల మీద ఉంది. అట్ట కత్తిరించి చేసిన చెయ్యి. ఐదు వేళ్లూ పొడుగ్గా, నిండుగా. ఖచ్చితంగా మగాడిదే. ఆవిడ మాటిమాటికీ దాన్ని మెడ చుట్టూ వంచి చూసుకుంటోంది. మెడ పట్టేది ఎడమచెయ్యి కాబట్టి అది ఎవరిదో ఎడమచెయ్యి. పాతికేళ్లు గిటారు వాయించినవాడికి ఆమాత్రం తెలియదా?

"ఎవరిదా చెయ్యి?" అన్నాడు. ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, ముఖం గంటు పెట్టుకుని, గుమ్మంలో నిలబడ్డాడు.

"దీన్ని వాయించబోయేవాడిది."

"ఆ మహానుభావుడికి పేరు లేదా?"

"పనయ్యాక చెప్తాలెండి. ముందా తలుపు వేయండి, పొట్టు ఇంట్లోకి ఎగురుతోంది."

ఎగరడానికి ఇంట్లో ఇంకా చోటు మిగిలితేగా! కాఫీలో పొట్టు, సబ్బు మీద పొట్టు. మొన్న మధ్యాహ్నం కునుకు తీసి లేస్తే దుప్పటి మీద పెన్సిలు గీతలు కూడా కనిపించాయి. అతని పాత గిటారు మాత్రం ఏడాదిగా బీరువా మీద దుమ్ము తింటోంది. దాన్ని తుడిచే తీరిక ఈవిడకి లేదు.

అసలు ఆ మహానుభావుడు ఎవరో అతనికి తెలియకపోలేదు. అతను బ్యాండు మానేశాక ఆ స్థానంలో దూరిన ఉంగరాల జుట్టువాడు. ఈమధ్య రోజు విడిచి రోజు ఇంటికి దిగుతున్నాడు. నోరు తెరిస్తే "అక్కా". నిన్న ఏదో చిన్న పొట్లం ఆవిడ చేతిలో పెట్టి, "బావగారి కంట పడనివ్వకక్కా," అన్నాడు. తలుపు సందులోంచి బావగారు అంతా విన్నారు.

తన కుర్చీ వాడు తీసుకున్నాడు. తన పాటలూ వాడే వాయిస్తున్నాడు. ఇప్పుడు పెళ్లాం చేతిపని కూడా వాడికేనా? పెళ్లైన కొత్తలో "మీకో గిటారు చేసిస్తాను" అందావిడ. ఊరందరికీ చేసిచ్చింది. ఇంట్లోవాడి వంతు మాత్రం రాలేదు.

ఆదివారం పొద్దున ఆవిడ జిగురు కొనడానికి బజారుకెళ్లింది. అతను వెనక గదిలోకి వెళ్లి ఆకురాయి అందుకున్నాడు. లోతుగా నాలుగు గీతలు పడితే చాలు, ఆ మెడను ఎవడూ పట్టుకోలేడు.

ఆనించబోతూ ఆగాడు. మెడ చివర తీగలు కూర్చునే గాట్లు అప్పుడే కంటపడ్డాయి. లావు తీగ గాటు ఉండాల్సిన చోట సన్న తీగది ఉంది. సన్నదాని చోట లావుది. ఆరూ తారుమారే! పాడుచేసే శ్రమ కూడా లేకుండా ఆవిడే చేసిపెట్టింది. అతని కడుపు చల్లబడింది.

"ఏం చేస్తున్నారు?" భార్య గుమ్మంలో ఉంది.

దొరికిపోయినవాడికి గొంతెక్కువ. "నీ ఘనకార్యం చూస్తున్నా. గాట్లన్నీ తలకిందులుగా కోశావు. ఇక మీ తమ్ముడుగారు ఎలా వాయిస్తారో!"

"వాడెందుకు వాయిస్తాడండీ?"

ఆవిడకి కోపం రాలేదు. అతని చేతిలోంచి ఆకురాయి తీసి పక్కన పెట్టింది. సొరుగులోంచి ఉంగరాల జుట్టువాడి పొట్లం తీసి విప్పింది. అందులో తీగలు మీటే పిక్ ఒకటి ఉంది, మామూలుదానికంటే కాస్త వెడల్పుగా.

ఆవిడ అట్ట చేతిని తిరగేసి అతని కుడిచేతి మీద పెడితే అచ్చుగుద్దినట్టు సరిపోయింది, ఆపైన ప్రమాదంలో మూడు వేళ్లు పోయిన అతని ఎడమచేతిని తనే జేబులోంచి బయటికి తీసి, మిగిలిన రెండు వేళ్ల మధ్యా ఆ పిక్ పెట్టింది.