జోనాకి తరఫున ఎవరు?

"ఏం రాసుకుంటున్నారు దాదూ?"

ఊర్మిమాల వెనకనుంచి అడిగేసరికి అబనీబాబు చేతిలోని కాగితం మడిచేశాడు.

ఆసుపత్రిలో ఉన్న సంఘం సభ్యుల జాబితా ఎవరో బల్లమీద మరిచిపోతే, అందులోంచి ఒక పేరూ, బెడ్ నంబరూ రాసుకున్నాడాయన.

దక్షిణ కలకత్తాలో ట్రాము డిపో వెనక, మూడో అంతస్తులో ఉంది ఆ సంఘం. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళూ, ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళూ, ట్రాన్స్ మనుషులూ భయం లేకుండా వచ్చి కూర్చునే చోటు. దాన్ని నడిపేది ఊర్మిమాలే.

రెండు నెలల కిందట "ఏదైనా పనుంటే చేస్తానమ్మా" అంటూ అబనీబాబు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, అందుకే అందరూ దాదూ, అంటే తాతయ్యా, అనేవారు. వెంట ఎవరూ రాలేదు, తన గురించి ఏమీ చెప్పలేదు.

కుర్చీలు సర్దడం, టీ పెట్టడం, కప్పులు కడగడం అప్పగించారు.

"ఇటివ్వండి," అని ఊర్మిమాల కాగితం లాక్కుని చూసింది. "జోనాకి పేరెందుకు మీకు?"

"ఆ పిల్లకి మాట కూడా పడిపోయిందన్నారు. ఒకసారి వెళ్ళి కూర్చుందామని."

"ఆదివారం మావాళ్ళు వెళ్తున్నారు."

"ఇవాళ మంగళవారం కదమ్మా."

పక్కనున్న వాలంటీరు కౌస్తవ్ నవ్వాడు. "దీదీ, సంఘం దాదూకే అప్పగించేద్దాం. నువ్వు కప్పులు కడుగు."

ఊర్మిమాల నవ్వలేదు.

కిందటి చలికాలం ఇలాగే వాలంటీరునంటూ ఒకడొచ్చి, మీటింగులో మొహాలన్నీ ఫోటోలు తీసి పత్రికకిచ్చాడు. ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. ఒకమ్మాయిని ఇంట్లోవాళ్ళు గదిలో పెట్టి తాళం వేశారు.

"మీరు మాలో ఒకరేనా?"

ఆయన ఒక కప్పు అందుకుని కడగసాగాడు.

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఎవరూ లేరమ్మా."

"ఎవరో ఏమిటో తెలియని మనిషిని రోగుల దగ్గరికి ఎలా పంపను? రేపట్నుంచి రాకండి దాదూ."

అబనీబాబు మిగిలిన మూడు కప్పులూ కడిగి బోర్లించాడు. గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయాడు.

"పాపం, టీ బాగా పెట్టేవాడు," అన్నాడు కౌస్తవ్.

తొమ్మిది రోజులకి జోనాకి చనిపోయింది.

ఊర్మిమాల ఆమె అన్నకి ఫోన్ చేసింది.

"నాకు తమ్ముడుండేవాడు. వాడు చీర కట్టిన రోజే పోయాడు," అని అతను పెట్టేశాడు.

పొద్దుటినుంచి శవాగారం గుమ్మం దగ్గరే నిలబడింది ఊర్మిమాల. అక్కడ పనిచేసే బైద్యనాథ్ తలుపు తెరిచాడు.

"జోనాకి తరఫున ఎవరు?"

"నేను. సంఘంనుంచి వచ్చాను."

"సంఘానికి శవాన్నివ్వరు దీదీ. అన్నో అక్కో ఎవరో ఒకరు సంతకం పెట్టాలి."

"ఎవరూ రామంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

బైద్యనాథ్ బీడీ వెలిగించాడు.

"ఇదివరకు మీవాళ్ళెవరికి ఈ తిప్పలొచ్చినా పెద్దన్న వచ్చేవాడు."

"ఏ పెద్దన్న?"

"మేమంతా అలాగే పిలిచేవాళ్ళం. ఎయిడ్స్ కొత్తగా వచ్చిన రోజుల్లో ముట్టుకోడానికి మేమే భయపడేవాళ్ళం. ఆయన కౌన్సిలర్ దగ్గర కాగితం రాయించుకొచ్చి, పోయినవాళ్ళకి నేను అన్నని అని సంతకం పెట్టేవాడు. తన చేత్తో స్నానం చేయించేవాడు. చీర కట్టుకోవాలని ఆశపడ్డవాళ్ళకి చీర కట్టేవాడు. అరవై మందికి తక్కువుండరు."

"అరవై మందా?"

"ఒక మనిషికి ఇంతమంది తమ్ముళ్ళేమిటయ్యా అని మా సాబు అడిగితే, మా అమ్మ చాలా కష్టపడిందండీ అన్నాడు."

ఊర్మిమాలకి ప్రాణం లేచొచ్చింది.

"ఆయనెక్కడుంటారో చెప్పండి. నేనే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. అలాంటి మనిషి మా సంఘంలో ఉండాలి."

బైద్యనాథ్ ఆమె వంక చూడలేదు.

"శనివారం ఈ మెట్లమీదే కుప్పకూలాడు. పైన వార్డులో మాట పడిపోయిన పిల్లెవరో ఉంటే, నాలుగు రోజులు వరసగా వచ్చి పక్కన కూర్చున్నాడట."

ఊర్మిమాల పైకి వెళ్ళే మెట్లవంక చూసింది.

"పోలీసులు పాత చిరునామాకి వెళ్ళారు. ఆయన గది తీసుకున్న మెస్సు కూల్చేసి పదేళ్ళయిందట. ఆయన తరఫున ఇంతవరకూ ఎవరూ రాలేదు."

అతను లోపలికి నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది.

బైద్యనాథ్ ఒక అర బయటికి లాగి, మొహంమీది గుడ్డ తొలగించాడు.

అరవై మందికి అన్నగా నిలబడి, తనకోసం సంతకం పెట్టేవాళ్ళు లేక ఐదు రోజులుగా ఆ చలిలో పడుకుని ఉన్నది, అబనీబాబు.