చేతి మీద ముద్ర

“చెయ్యి ఇటివ్వమ్మా,” అన్నాడు గేటు దగ్గర మనిషి.

ఆమె ఇవ్వలేదు. దొంగసొత్తేదో పట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి దాచుకుంది.

“ముద్ర లేకపోతే లోపలికి రానివ్వరే,” అన్నాడు భర్త. అతని మణికట్టు మీదా, పాప మణికట్టు మీదా ఊదారంగు పిట్టబొమ్మ అప్పటికే తడిగా మెరుస్తోంది.

“ఎంత రుద్దినా రెండ్రోజుల దాకా పోదట!” అని పాప గంతులేసింది.

ఆ సంగతి పాపకంటే తల్లికే బాగా తెలుసు. తలనొప్పనీ, కుట్టుపని మిగిలిపోయిందనీ ఈ పక్షుల పార్కు ప్రయాణాన్ని ఎన్నిసార్లు తప్పించిందో లెక్కలేదు. ఇవాళ తండ్రీకూతుళ్ళు ఏకమై లాక్కొచ్చారు. ఆమె ఇక్కడికి రావడం ఇది రెండోసారని మాత్రం వాళ్ళకు తెలియదు.

మొదటిసారి ఒంటరిగా వచ్చింది, చేతిసంచిలో అత్తగారి చిలుకతో.

చిలుక చేసిన నేరం ఒక్కటే. విన్నది అన్నది. అత్తగారికి పొడిదగ్గు. ఏ మాట చెప్పాలన్నా ముందు రెండుసార్లు దగ్గేది. కుట్టుమిషను ముందు నడుము పట్టేసి, విసుగెత్తిపోయి ఉన్న కోడలు, “ఆ దగ్గు ఆపు, ముసలిదానా!” అని కసిరేది. భర్త పొద్దస్తమానం కొట్లో గడియారాలు బాగుచేసుకునేవాడు గనక ఆ మాట అతని చెవిన పడలేదు. ఒకనాడు కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళ ముందు అత్తగారు అలా దగ్గిందో లేదో, పంజరంలోంచి అచ్చం కోడలి గొంతే, “ఆ దగ్గు ఆపు, ముసలిదానా!” అంది. వాళ్ళు నోళ్ళకు చేతులడ్డం పెట్టుకున్నారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే చిలుకను ఇక్కడ అప్పగించి, ఇంటికెళ్ళి ఖాళీ పంజరం తలుపు బార్లా తీసిపెట్టింది. “ఎగిరిపోయిందండీ. అత్తయ్యే గడియ వెయ్యడం మరిచినట్టుంది,” అంది. పుట్టి బుద్ధెరిగాక తల్లిని పల్లెత్తు మాట అనని మనిషి, ఆ రోజు అన్నాడు. వడ్డిస్తున్న కోడలు గాజులు మణికట్టు మీదికి లాక్కుంటుంటే ముసలమ్మ అటే చూస్తూ, “నేనే మరిచుంటాన్లేరా,” అంది.

ఆ తర్వాత ముసలమ్మకు మతి చలించిందనుకుంది కోడలు. చిలుక లేని ఇంట్లో పచ్చిమిరపకాయలు తీసి రొంటిన దోపుకోవడమేమిటి? పైగా వారానికోసారి ‘కాళ్ళు పట్టేశాయి, అలా నడిచొస్తా’నని వెళ్ళి, పొద్దువాలాక వచ్చేది. నడివేసవిలో కూడా చేతుల నిండా శాలువా కప్పుకునేది. ఇల్లిల్లూ తిరిగి తన మీద చాడీలు చెప్పి, వాళ్ళు పెట్టింది దాచుకొస్తోందని కోడలి అనుమానం. కిందటి చలికాలం ముసలమ్మ పోయింది. ఆ అనుమానం మాత్రం పోలేదు.

“అమ్మా, చెయ్యి!” పాపే పట్టి లాగింది. ముద్ర చల్లగా పడింది.

లోపల అడుగుపెట్టగానే, “చిలుకలేముందిలెండి, ఎక్కడైనా ఉంటాయి. ఇక్కడ పాముల గది కూడా ఉందట, చూద్దాం పదండి,” అంది ఆమె.

“తాడును చూస్తే మంచమెక్కేదానివి, నీకు పాములా!” భర్త పకపకా నవ్వాడు.

పాప అప్పటికే చిలుకల గూటి దగ్గరుంది. “నాన్నా! ఎడమకాలికి ఒక వేలు లేదు చూడు! ఇది నానమ్మ చిలుకే!”

భర్త వంగి చూశాడు. నవ్వు ఆగిపోయింది. “ఇంత దూరం ఎగిరొచ్చిందా ఇది?”

“ఎగిరి రాలేదండీ, ఎవరో ఇచ్చిపోయారట,” అంది మేత పెట్టే అమ్మాయి.

“ఎవరు?”

“నేను చేరి నెలే అయింది, నన్నడిగితే? దాన్నే అడగండి. పచ్చిమిరపకాయ చూపిస్తేగాని నోరు విప్పదు మహాతల్లి.”

“మాటలు బాగా వచ్చా?” అంది పాప.

“నెలల తరబడి చెవిన పడితేనే పట్టుకుంటుంది. పట్టుకుందా, ఇక విడవదు.”

నెలలేం ఖర్మ, ఏళ్ళ తరబడి వినిపించింది తను.

“వద్దు పాపా, కరుస్తుంది!”

“నానమ్మనెప్పుడైనా కరిచిందా?” అని పాప ఆ అమ్మాయి మేతబుట్టలోంచి మిరపకాయ తీసుకుంది.

“ఇవ్వనీవే,” అన్నాడు భర్త. “దీని మూలానే కదా అమ్మను అంత మాట అన్నాను. పోయేలోపు తప్పైందని కూడా అనలేదు.”

చెప్పేస్తే? చిలుక కంటే ముందు తన నోరే తెరుచుకుంటే ఆవగింజంత పరువైనా మిగులుతుంది. “ఏమండీ...” అంది. ముద్ర పడ్డ చేతిని రెండో చేత్తో మూసుకుంది.

పాప మిరపకాయ చాచింది. చిలుక ఊచ మీద పక్కపక్కగా జరుగుతూ దగ్గరికొచ్చింది. తల ఓ పక్కకు వాల్చి, రెండుసార్లు పొడిగా దగ్గింది.

భర్త గూటి ఊచలు పట్టుకున్నాడు. గడియారాల మనిషి, చప్పుడు పోల్చడంలో పొరబడడు. “అమ్మ దగ్గు!” అన్నాడు.

దగ్గు తర్వాత ఏ మాట వస్తుందో ఆమెకు తెలుసు. కళ్ళు మూసుకుని, నలుగురిలో తన గొంతు తను వినడానికి సిద్ధపడింది.

వచ్చింది ఆమె గొంతు కాదు. అత్తగారిది, చెవిలో రహస్యం చెబుతున్నట్టు సన్నగా.

“నేనొచ్చిపోతున్నట్టు కోడలికి చెప్పకే, సిగ్గుపడుతుంది.”